నిలుకడ లేనిది పిల్లలకా, కొలువులకా?

మన తెలుగు పెద్దలు నలుగురు ఒకచోట గూడినప్పుడు వానలను గూర్చియు ధరలను గూర్చియు మాటలు ముగిసిన పిదప పిల్లల కొలువుల ప్రసంగము రాక తప్పదు. "మావాడు మరల కంపెనీ మార్చినాడు" అని యొకరందురు. "మా అమ్మాయి పై అధికారిని పేరుపెట్టి పిలుచునట" అని వేఱొకరు నొసలు చిట్లింతురు. "ఇంట కూర్చుండి మీటలు నొక్కుట కూడ ఒక పనియేనా?" అని మూడవవారు. "ఇంతమంది యుండియు మన సంఘమున కొక్కరును రారుగదా" అని నాలుగవవారు నిట్టూర్తురు. ఈ నాలుగు మాటలను బెంగుళూరు తెలుగు ఇండ్లలో మేము ఇరువదేండ్లుగా వినుచున్నాము. నలుబదేండ్లు గుమాస్తాగిరి చేసి, అట్టి పిల్లలనిద్దఱిని పెంచి, వారి కొలువులను దగ్గఱనుండి చూచినవారమగుటచే, ఆ మాటలలో నిజమెంతయో వాడుకమాట యెంతయో ఈ సంచికలో విన్నవింపదలచితిమి.

ముందు ఆ తరమనగా ఎవరో తెలియవలెను. వీరికి ఆంగ్లమున మిలీనియల్సు అని పేరు. విలియం స్ట్రాస్, నీల్ హౌ అను ఇద్దఱు అమెరికా రచయితలు 1991 లో ప్రకటించిన తమ గ్రంథమున ఈ పేరు వాడిరి. రెండువేల సంవత్సర ప్రాంతమున యుక్తవయస్సునకు వచ్చువారని దాని భావము. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థవారు 1981 మొదలు 1996 వఱకు పుట్టినవారిని ఇందు చేర్చిరి. అనగా మనము "పిల్లలు, పిల్లలు" అనుచున్న వీరిలో పెద్దవారికి నలుబది దాటినవి. చెవులకడ వెండ్రుకలు నెఱసినవి. వారి బిడ్డలు హైస్కూలు చదువుచున్నారు. 2013 లో టైమ్ పత్రిక వీరిని "నేను, నేను, నేను" అను తరముగా ముఖపత్రముపై వర్ణించినది. ఆ మాట సముద్రము దాటి వచ్చి మన పెద్దల నోటికిని చేరినది.

అమెరికాలో కుట్టిన చొక్కా మన పిల్లల ఒంటికి అట్లే సరిపడదు. ఇచ్చట ఈ తరమును తీర్చిన సంగతులు వేఱు. 1991 నాటి ఆర్థిక సంస్కరణలు, వీధిచివర ఎస్.టి.డి. బూతు, పిదప జేబులోని ఫోను, ఆంధ్రమున ఎంసెట్, కర్ణాటకమున సి.ఇ.టి., ఊరూర వెలసిన ఇంజనీరింగు కళాశాలలు, వాని కొఱకు తండ్రులు చేసిన అప్పులు - ఇవి వీరి బాల్యము. బెంగుళూరు చెంత ఎలెక్ట్రానిక్ సిటీకి పునాది పడినది 1978 లో. ఇన్ఫోసిస్ పూనానుండి ఇచ్చటికి వచ్చినది 1983 లో. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు వారు వచ్చినది 1985 లో. మేము కార్బను కాగితము పెట్టి నకళ్ళు తీయుచున్న దినములలోనే, మా పిల్లలు పుట్టక మునుపే, వారి కొలువులు ఈ ఊర మొలకెత్తియుండెను.

ఒక తరముపై ముద్ర వేయుట ఎట్లుండునో గుమాస్తాలమైన మాకు చక్కగా తెలియును. మా కాలమున గుమాస్తాయనిన లోకమున కొక బొమ్మ యుండెడిది. పదింటికి వచ్చి కుర్చీవీపునకు కోటు తగిలించి కాఫీకి పోవువాడు, దస్త్రములు గుట్టలు పడియుండగా పత్రిక చదువువాడు, "రేపు రండి" అను రెండు మాటలు మాత్రమే నేర్చినవాడు. అట్టివారు లేకపోలేదు. మా గదిలో పదునాఱుగురము కూర్చుండువారము. అందు ఇద్దఱు అట్టివారే. తక్కిన పదునలుగురు మార్చి నెలాఖరున లెక్కలు ముగించుటకు రాత్రి పదింటివఱకు కూర్చుండి, ఆఖరు బస్సు తప్పిపోగా మెజెస్టిక్కు నుండి నడచి యిండ్లు చేరెడివారు. వారిని ఎవరును బొమ్మ గీయలేదు. ఇద్దఱి తీరు పదునాఱుగురి పేరైనది.

మా యౌవనమున మా పెద్దలు మమ్మును మెచ్చుకొనలేదు. బెల్‌బాటము ప్యాంట్లు, చెవులు కప్పిన జుట్టు, చేత ట్రాన్సిస్టరు, నోట సమ్మె నినాదము - ఇది వారు చూచిన మా తరము. "మీకు ఓపిక లేదురా, అన్నీ చేతికి అందాలంటారు" అని మా నాయనగారు తఱచు అనెడివారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ప్రతి తరమును అనుచునేయున్నది.

ఇక మొదటి అభియోగము, నిలుకడ లేదనుట. ఇది తక్కినవానికంటె పెద్దది గనుక విపులముగ చూతము. మేము ఎస్.ఎస్.ఎల్.సి. తో చదువు ముగించి, టైపు నేర్చి, స్టాఫ్ సెలెక్షన్ కమిషను వారి పరీక్ష నెగ్గి, 1979 లో ఒక కేంద్రప్రభుత్వ కార్యాలయమున దిగువ శ్రేణి గుమాస్తాగా చేరితిమి. 2019 లో అదే శాఖనుండి విరమించితిమి. నలుబదేండ్లు ఒకే గొడుగు నీడ. "ఎంత నిలుకడ!" అని బంధువులు మెచ్చుకొందురు. మెచ్చుకోలు ఎవరికి చేదు? ఐనను ఆ నిలుకడ దేనిపై నిలిచినదో లెక్కగట్టిన గాని సంగతి తేలదు.

ఏటేట ఇంక్రిమెంటు. ధరలు పెరిగినకొలది కరువుభత్యము. పదేండ్లకొక పర్యాయము పే కమిషను. పదోన్నతి రాకున్నను, 1999 లో వచ్చిన ఏర్పాటువలన పండ్రెండేండ్ల కొకటి, ఇరువదినాలుగేండ్ల కొకటి జీతపు శ్రేణి పెంపు. ఆడపిల్ల పెండ్లికి భవిష్యనిధినుండి సొమ్ము. పండుగ అడ్వాన్సు. రోగము వచ్చిన సర్కారు వైద్యము. తుదకు పెన్షను, మా తదనంతరము ఇల్లాలికి కుటుంబ పెన్షను. 1998 లో విరమణ వయస్సును 58 నుండి 60 కి పెంచగా మఱి రెండేండ్ల జీతము. ఇన్ని త్రాళ్ళతో కట్టిన దూడ పొలము దాటిపోలేదనిన, అది దూడ మంచితనమా, త్రాళ్ళ బలమా? దూడయు మంచిదే, త్రాళ్ళును మంచివే. రెంటిని కలిపి చెప్పిననే మాట సరియగును.

ఆ త్రాళ్ళలో గట్టిదానిని 2004 జనవరి 1 న కోసివేసిరి. సైనికులు తప్ప, ఆ నాటినుండి కేంద్ర కొలువులలో చేరినవారికి పాత పెన్షను లేదు. జీతమునుండి కొంత కోసి, ప్రభుత్వము కొంత కలిపి, బజారులో పెట్టి పెంచు క్రొత్త పద్ధతి వచ్చినది. ఎంత వచ్చునో ముందుగ చెప్పువారు లేరు. ఇరువదేండ్ల కోరికల పిమ్మట 2025 ఏప్రిల్ 1 నుండి, ఇరువదియైదేండ్ల సేవ నిండినవారికి చివరి పండ్రెండు నెలల మూలవేతనపు సగటులో సగము ఇచ్చు ఏకీకృత పద్ధతిని కోరుకొను వీలు కల్పించిరి. ఇదియు ప్రభుత్వోద్యోగులకే. మనము తప్పుపట్టు తరమువారిలో అత్యధికులు 2004 తరువాతనే కొలువులలో చేరినవారు. ప్రైవేటు కంపెనీలవారికి ఈ పాటి త్రాడును లేదు.

నిలుకడ యనునది ఊరి కట్టడమువలన వచ్చునని మా యింటివారు కోలారులోనే చూచిరి. మా తాతగారు చిత్తూరు సీమనుండి వచ్చి బంగారు గనిలో దిగినవారు. 1880 ప్రాంతమున జాన్ టేలర్ కంపెనీవారు చేపట్టిన ఆ గనులలో తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత మనుమడు దిగుట ఆచారమైయుండెను. 1902 లో శివనసముద్రమునుండి విద్యుత్తు వచ్చిన ఊరది. అచ్చటి పనివానికి నిలుకడ లేదని ఎవరును అనలేదు. 2001 ఫిబ్రవరి 28 న గనులు మూతబడినవి. నూటయిరువదేండ్ల నిలుకడ ఒక్కనాట ముగిసినది. గనిపనివారి మనుమలు నేడు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరునకు వచ్చి, రాత్రి రైలులో తిరిగి పోవుచున్నారు. వారు కొలువు మార్చినచో వింతయేమి? కొలువే మొదట వారిని మార్చినది.

మా కుమారుని సంగతి చెప్పుదుము. వాడు 2009 లో ఇంజనీరింగు ముగించినాడు. కళాశాలలో నుండగనే ఒక కంపెనీ నియామకపు ఉత్తరము నిచ్చినది. వాళ్ళ అమ్మ దానిని దేవుని పటము ముందు పెట్టినది. అంతలో 2008 నాటి అమెరికా బ్యాంకుల పతనము సెగ ఇచ్చటికి తగిలినది. "మేము పిలుచువఱకు ఆగుడు" అని కంపెనీవారు పదునొకండు నెలలు ఆపిరి. ఉత్తరముపై పసుపు, కుంకుమ పేరుకొన్నవిగాని పిలుపు రాలేదు. తుదకు వాడు వేఱొకచోట తక్కువ జీతమునకు చేరినాడు. అది మొదలు నాలుగు చోట్ల పని చేసినాడు. ఒక కంపెనీ మఱొకదానికి అమ్ముడుపోయినది. ఒక చోట వాడు పనిచేయు విభాగమునే ఎత్తివేసిరి. ఒక చోటినుండి మాత్రము వాడే కోరి వచ్చినాడు. ఎందుకనిన, లోపలనుండువారికి నూటికి ఎనిమిది పెంచి, క్రొత్తగ వచ్చువారికి నూటికి ముప్పది ఎక్కువ యిచ్చిరి. నిలిచినవానికి తక్కువ, కదలినవానికి ఎక్కువ యని కంపెనీయే కొలబద్ద పెట్టినప్పుడు ఏ ఎండకా గొడుగు పట్టక తీరదు.

అమెరికాలో సైతము ఈ నింద లెక్కకు నిలువలేదు. పై ప్యూ సంస్థవారు 2017 లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2016 లో అచ్చటి మిలీనియల్సులో నూటికి 63 మంది ఒకే యజమానివద్ద పదుమూడు నెలలు గాని అంతకెక్కువ గాని పనిచేయుచుండిరి. వారి ముందు తరమువారు అదే వయస్సున, 2000 లో, నూటికి 60 మంది మాత్రమే అట్లుండిరి. 2020 లో అచ్చటి జాతీయ విజ్ఞాన సంస్థల నిపుణుల మండలి ఈ తరముల విభాగమునే పరిశీలించి, పుట్టిన సంవత్సరమును బట్టి పనివాని గుణము నిర్ణయించుటకు తగిన ఆధారము లేదని తేల్చినది. వయస్సు, కాలపు పరిస్థితి, కొలువు స్వభావము - ఇవి కలిసి మనిషిని నడపునుగాని, పుట్టిన యేడు నడపదని దాని సారాంశము.

రెండవ అభియోగము వినయము లేదనుట. మా కార్యాలయమున పై అధికారి గదిలోనికి పోవునప్పుడు చొక్కా చేతులు దించుకొని పోవువారము. దస్త్రముపై "తమ ఆజ్ఞార్థము సమర్పింపబడినది" అని వ్రాయువారము. తప్పు ఆజ్ఞ వచ్చినను, మా సంతకము క్రింద చిన్న అక్షరములతో నియమపు సంఖ్య నుదాహరించి ఊరకుండువారము. అది మా కాలపు పద్ధతి. మా కుమారుడు తన పై అధికారిని పేరుపెట్టి పిలిచి, "మీరు కక్షిదారునకు ఒప్పుకొన్న తేదీకి ఇది కాదు. రెండు వారాలు కావాలి. ఇప్పుడే చెప్పడం మంచిది" అని ఫోనులో చెప్పగా విన్నాము. గొంతులో పొగరు లేదు. ఆ పిమ్మట వాడే రెండు వారములు రాత్రింబవళ్ళు కూర్చుండి పని ముగించినాడు. పేరుపెట్టి పిలుచుట ఆ కొలువుల మర్యాద, అధికారియే అట్లు పిలువుమని కోరును. అదే పిల్లవాడు మా అక్కగారు వచ్చినచో కుర్చీ విడిచి లేచును. చోటునుబట్టి మర్యాద రూపము మారును.

ఇందు నిజమైన దోషము ఒకటి కలదు, దానిని దాచనక్కఱలేదు. కొలువు విడుచునప్పుడు చార్జి అప్పగించుట అను పని వీరిలో చాలమందికి చేతగాదు. మా కాలమున బదిలీ అయినవాడు ఏ దస్త్రము ఎచ్చటనున్నది, ఏ ఉత్తరమునకు జవాబు పోవలసియున్నది పట్టీ వ్రాసి, వచ్చినవానితో మూడుదినములు కూర్చుండి, ఇద్దఱును సంతకములు చేసిన గాని కదలెడివాడు కాడు. నేడు శుక్రవారమున వీడ్కోలు కేకు కోసి, సోమవారమున వేఱొకచోట చేరుదురు. వెనుకవాడు ఆరు నెలలు తడుముకొనును. ఇది మన తరమువారు ఆ తరమువారికి నేర్పదగిన విద్య. నేర్పవలెననిన ముందు వారు మన యెదుట కూర్చుండవలెను, తిట్టినచో కూర్చుండరు.

మూడవది కష్టపడరనుట. 2020 మార్చిలో కరోనా వలన కార్యాలయములు మూతబడి, పనులు ఇండ్లకు వచ్చినవి. ఈ దేశమున లక్షలాది తల్లిదండ్రులు తమ బిడ్డలు చేయుపనిని మొట్టమొదట కన్నులార చూచినది అప్పుడే. మా భోజనపు బల్లయే కార్యాలయమైనది. ఒక కొసన కుమారుడు, ఒక కొసన కోడలు, నడుమ పచ్చడి జాడీ. ఉదయము తొమ్మిదింట మొదలైన పని, అమెరికావారు నిద్రలేచు వేళకు మరల మొదలై, రాత్రి పదునొకండు దాటును. కోడలు పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని, చిత్రము కనబడకుండ తెరను మూసి, లెక్కలు చెప్పుచుండెడిది. ప్రసూతి సెలవును 2017 లో 12 వారములనుండి 26 వారములకు పెంచిన చట్టము ఆమెకు అక్కఱకు వచ్చినది. ఆ సెలవు ముగిసిన మరునాడే ఈ బల్లపైకి వచ్చినది. మీటలు నొక్కుట అని తేలికగ ననువారు ఆ బల్లవద్ద ఒక పగలు, ఒక రాత్రి కూర్చుండి చూచిన చాలును.

వీరి కష్టము కంటికి కనబడదు, అది దాని దురదృష్టము. గనిపనివాని ఒంటిపై దుమ్ముండెడిది, మా చేతులపై సిరామరక యుండెడిది. వీరికి మెడనొప్పి, కంటిమంట, నిద్రలేమి. రాకపోకలకు దినమునకు మూడు గంటలు సిల్కుబోర్డు కూడలివంటి చోట్ల కరగిపోవును. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరగు నారాయణమూర్తిగారు యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని అనగా ఇంటింట చర్చ జరిగినది. మన పెద్దలు పలువురు తల యూచిరి. ఐతే మన దేశమున కర్మాగారములలో వారమునకు 54 గంటలుగా నున్న హద్దును 1946 లో 48 గంటలకు తగ్గించిరి, 1948 నాటి చట్టము దానిని నిలిపినది. ఆ తగ్గింపు వెనుక మన తాతల పోరాటములు కలవు. తాతలు సాధించిన 48 ని మనుమలకు 70 చేయవచ్చునని చెప్పుటకు మా మనస్సొప్పదు. ఈ తరమునకు సంఘటిత బుద్ధి లేదనుటయు పూర్తిగ నిజము కాదు. 2024 జూలైలో దినమునకు 14 గంటలవఱకు పనికి వీలిచ్చు సవరణ ప్రతిపాదన కర్ణాటకమున వచ్చినప్పుడు, ఇచ్చటి ఐ.టి. ఉద్యోగుల సంఘమువారే బహిరంగముగ ఎదిరించిరి.

ఖర్చుమనుషులని మఱియొక మాట కలదు. ఇంజనీరింగు చదివి క్రొత్తగ చేరువారికి పెద్ద ఐ.టి. కంపెనీలలో పలువురకు ఏటికి మూడున్నర లక్షల చుట్టుననే జీతము పదేండ్లకు పైగ నిలిచిపోయినది. ఆ పదేండ్లలో ఇంటి అద్దె నిలిచిపోలేదు. మేము మా ముప్పది నలుబది స్థలమును మూడేండ్ల జీతముతో కొంటిమి. నేడు మా వీధిలో అంతటి స్థలము కోటి రూపాయలకు తక్కువ లేదు. మారతహళ్ళిలోను, బి.టి.యం. లేఔటులోను ఒకే గదిలో ముగ్గురు నలుగురుండి, ఆంధ్ర మెస్సులో భోజనముచేసి, చదువు అప్పు తీర్చుచు, అనంతపురమునకో నెల్లూరునకో నెలనెల సొమ్ము పంపు పిల్లలు ఎందఱో. మనము చూచునది వారి చేతి కాఫీ కప్పును మాత్రమే.

ఈ ముద్రమాటలవలన నష్టమేమి, పెద్దలన్నాక ఏదో అందురు అని చదువరులు తలపవచ్చును. నష్టమేమో మేము చూచితిమి. కబ్బను పార్కులోని ఎఱ్ఱకట్టడమగు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునకు తెలుగు, కన్నడ పత్రికలు చదువుటకు మేము వారమునకు రెండుమార్లు పోవుచుందుము. 2023 లో ఒకనాడు అచ్చట మా పేటలోని తెలుగువారి అబ్బాయి కనబడినాడు. వయస్సు ముప్పదినాలుగు. భుజమున కార్యాలయపు సంచి, మెడలో గుర్తింపు బిళ్ళ లేదు. పుస్తకము తెఱచియున్నదిగాని చూపు దానిపై లేదు. మమ్ము చూచి లేచి, బయటకు తీసికొనిపోయి, "బాబాయిగారూ, నాన్నకు చెప్పకండి" అన్నాడు.

వాని కొలువు పోయి ఐదు వారములైనది. ఒక ఉదయము యంత్రము తెఱువబోగా తెఱచుకొనలేదట. పది నిమిషములకు ఒక ఉత్తరము. అంతియే. అది మొదలు రోజు ఎనిమిదింటికి డబ్బా కట్టించుకొని యింట బయలుదేరి, గ్రంథాలయమున కూర్చుండి దరఖాస్తులు పంపుకొని, సాయంత్రము ఇల్లు చేరుచున్నాడు. భార్యకు మాత్రమే తెలియును. "ఎందుకు దాచినావు?" అని అడిగితిమి. "ఇదివరకు రెండుసార్లు మారాను కదండీ. వీడికి నిలకడ లేదని అందరి ముందూ అంటారు. ఈసారి తీసేశారంటే నమ్ముతారా? నేనే చెడగొట్టుకున్నానంటారు" అన్నాడు. వాని తండ్రి కఠినుడు కాడు. నలుగురు ననుమాటనే తానును అనుచుండువాడు. ఆ మాటయే కొడుకు నోరు కట్టివేసినది.

చెప్పుట నీ పనియని, నీవు చెప్పువఱకు మేము పలుకమని మాటయిచ్చి వచ్చితిమి. పదిదినముల పిదప ఆ అబ్బాయియే మా యింటికి వచ్చి జరిగినది చెప్పినాడు. వాని తండ్రి ఈ ఊరి ప్రభుత్వరంగ కర్మాగారములలో నొకదానిలో పనిచేసి విరమించినవాడు. 1980 డిసెంబరు చివర మొదలై 1981 మార్చివఱకు 77 దినములు బెంగుళూరు ప్రభుత్వరంగ కార్మికులు చేసిన సమ్మెలో ఉన్నవాడు. కొడుకు మాట విని చాలసేపు పలుకక కూర్చుండి, తుదకు, "డెబ్బయ్యేడు రోజులు నాకు జీతం లేదురా. రోజూ మీ తాత అన్నం పెట్టాడు, ఒక్క మాట అనలేదు. నీకు నేను పెట్టలేనా?" అన్నాడట. మరుదినము డబ్బా కట్టలేదు. తండ్రియు కొడుకును కలిసి టిఫినుకు పోయిరి. ఆ అబ్బాయికి కొలువు దొరకుటకు మఱి నాలుగు నెలలు పట్టినది. ఆ నాలుగు నెలలు వాడు ఇంటనే యుండినాడు. మొదటి ఐదు వారములు పార్కు గ్రంథాలయమున నుండెను. ఈ తేడాయే మేము చెప్పదలచిన సంగతి యంతయు.

నాలుగవ అభియోగము మన సంఘమునకు రారనుట. 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ కరోనా అల ఈ ఊరిని ముంచినప్పుడు మా పేట తెలుగువారిలో పెద్దలెవరును గడప దాటలేదు. ఫోనులో జట్టు కట్టి, ఏ ఆసుపత్రిలో మంచము ఖాళీయున్నది, ప్రాణవాయువు సిలిండరు ఎచ్చట దొరకును, ఒంటరి ముసలివారికి అన్నమెవరు చేర్చుదురు అను పట్టికను రేయింబవళ్ళు నడిపినవారు ఈ తరమువారే. వారిలో సగముమంది మన సంఘపు సభ్యత్వ పుస్తకమున లేరు. తమలో తాము వ్రాసికొన్నది ఆంగ్లలిపిలో తెలుగు, నడుమ కన్నడము. ఆ తెలుగును చూచి మన పండితులు నొచ్చుకొనవచ్చును. అన్నము చేరవలసిన యింటికి చేరినది.

వారు మన సభలకు రాకుండుటకు మన సభల తీరును కొంత కారణము. బుధవారము సాయంత్రము ఐదింటికి సభ పెట్టినచో ఎలెక్ట్రానిక్ సిటీనుండి ఎవడు రాగలడు? వచ్చినవానికి కుర్చీలు సర్దుట, చివర వందన సమర్పణము - ఈ రెండు పనులే ఇచ్చుచున్నాము. కావున మా విన్నపములు మూడు. సభలు ఆదివారము ఉదయము పెట్టుడు, రెండు గంటలలో ముగింపుడు. కార్యవర్గమున కోశాధికారి, కార్యదర్శి పదవులలో ఒకటైన నలుబదియైదు లోపువారికి విడువుడు. లెక్కలు వ్రాయు పద్ధతి, చార్జి అప్పగించు పద్ధతి వారికి నేర్పు భారము మావంటి గుమాస్తాలు సంతోషముగ వహింతుము. మూడవది, కొలువు పోయినవాడు సిగ్గుపడక వచ్చి చెప్పుకొనుటకు సంఘమున ఒక చోటుండవలెను. ఎవరి కంపెనీలో ఏ ఖాళీయున్నదో తెలుపు పట్టిక యొకటి గోడపై అంటించిన చాలును. మన పూర్వులు ఈ ఊరికి వచ్చిన క్రొత్తలో ఒకరికొకరు చేసికొన్న సాయము ఇదియే. సంఘము పుట్టినదియు అందులకే.

కడపట ఒక చిన్న సంగతి. 1996 తరువాత పుట్టినవారు ఇప్పటికే కొలువులలో చేరినారు. మొన్న మా కుమారుడు భోజనము చేయుచు తన క్రింద క్రొత్తగ చేరినవారిని గూర్చి వాళ్ళ అమ్మతో చెప్పుచున్నాడు. "వీళ్ళకు ఓపిక లేదమ్మా. అన్నీ చేతికి అందాలంటారు." మా నాయనగారి మాట అక్షరము పొల్లుపోలేదు. మేము నవ్వుకొని, మజ్జిగ పోయించుకొని, వానికి మాత్రము ఏమియు చెప్పలేదు.